మండువా ఇల్లూ, అయిదు వోల్టులూ

"బాబాయ్, తాతయ్య ఇల్లు లేదు. అక్కడ అడవి వచ్చేసింది."

ఆదివారం పొద్దున్న ఏడింటికి డాలస్ నుంచి మా అన్నయ్య కొడుకు ఫోన్. వాళ్ళకి అప్పుడు శనివారం రాత్రి ఎనిమిదిన్నర. నోట్లో బ్రష్‌తోనే హాల్లోకి వచ్చి షోకేస్ వైపు చూశాను. అద్దాల వెనక, మా పెళ్ళికి ఎవరో ఇచ్చిన గాజు గ్లాసుల సెట్టు పక్కన, ఏటీఎం కార్డంత బోర్డు. ఎర్ర లైటు వెలుగుతోంది, పచ్చ లైటు మినుకుమంటోంది. సర్వర్ బతికే ఉంది. పోయింది ఇల్లే.

అసలు ఇల్లు ఎప్పుడో పోయింది. తణుకు దగ్గర పల్లెటూళ్ళో మా నాన్నగారి మండువా ఇంటిని 2016లో అమ్మేశాం. కొనుక్కున్నవాళ్ళు పడగొట్టి డాబా వేసుకున్నారు. వాళ్ళ తప్పేం లేదు, దూలాలు చెదపట్టేశాయి. ఇప్పుడు పోయింది మా పిల్లలు నాలుగు నెలలు కూర్చుని మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ గేమ్‌లో కట్టుకున్న ఇల్లు. పాత ఫోటోలు చూసి, మా అమ్మని అడిగి, ఒక్కో ఇటుకా పేర్చుకున్నది.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాను. తణుకులో ఇన్వర్టర్లు, బ్యాటరీలు, మోటారు స్టార్టర్లు అమ్మే షాపు నాది. మా ఇంట్లో కంప్యూటర్ చదువు అన్నయ్యది, రాగితీగ నాది. ఈ బోర్డు కూడా గేమ్ కోసం కొన్నది కాదు. 2022లో షాపు బిల్లింగ్ కోసమని రాస్ప్‌బెర్రీ పై 4 అనే బుల్లి కంప్యూటర్ బోర్డు, 4 జీబీ ర్యామ్‌ది తెప్పించాను. అప్పుడు చిప్‌ల కొరత, దొరకడమే గగనం, అసలు ధర కంటే బాగా ఎక్కువే పెట్టాను. తీరా వచ్చాక మా అకౌంట్లు చూసే ఆయన "నా సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదండీ" అన్నాడు. బోర్డు సొరుగులోకి పోయింది. (తెలుగులో "పై మీద" అని రాస్తే నాకే నవ్వొస్తుంది, అందుకే ఇక్కడ్నుంచి బోర్డు అనే అంటాను.)

పిల్లల గొడవ ఏంటంటే, ఒకడు తన ఫోన్‌లో లోకం తెరిస్తే మిగతావాళ్ళు అందులోకి వెళ్ళాలి. వాడు అన్నానికి లేస్తే అందరూ బయటికి. డాలస్‌లో ఇద్దరు, హైదరాబాద్‌లో అక్క కొడుకు, ఇక్కడ మా అమ్మాయి. ఒకళ్ళు లేచేసరికి ఇంకొకళ్ళకి నిద్ర టైము. ఎవరూ లేకపోయినా తెరిచి ఉండే లోకం కావాలి. నెలకింత అని కడితే సర్వర్ అద్దెకిచ్చేవాళ్ళు ఉన్నారు గానీ, బ్యాటరీల షాపువాడు కరెంటు ఖర్చుతో పోయేదానికి అద్దె కడతాడా? ఈ బోర్డు సగటున అయిదు వాట్లు తింటుంది. రోజంతా నడిస్తే 0.12 యూనిట్, నెలకి మూడున్నర యూనిట్లు. మా మెట్ల మీద బల్బు తొమ్మిది వాట్లు.

మైన్‌క్రాఫ్ట్‌లో రెండు కులాలున్నాయని నాకప్పటిదాకా తెలీదు. కంప్యూటర్‌లో ఆడే జావా ఒకటి, ఫోన్లూ ట్యాబ్లలో ఆడే బెడ్‌రాక్ ఒకటి. మామూలుగా ఒకళ్ళ పంక్తిలో ఇంకొకళ్ళు కూర్చోరు. బెడ్‌రాక్ వాళ్ళ సర్వర్ ఈ బోర్డు ప్రాసెసర్‌కి ఇవ్వలేదు, కాబట్టి జావా సర్వరే గతి. అందులో పేపర్ అనే రకం వేసి, దానికి గీజర్ అనే ప్లగిన్ (సర్వర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) తగిలిస్తే ట్యాబ్ వాళ్ళూ జావాలోకి వచ్చేస్తారు. దానికి తోడు ఫ్లడ్‌గేట్ అని ఇంకోటి ఉంది. అది ట్యాబ్ వాళ్ళ పేరు ముందు ఒక చుక్క పెడుతుంది. మా ఇంట్లో వాళ్ళకి "చుక్క పిల్లలు" అని పేరు పడిపోయింది. డాలస్ పెద్దవాడొక్కడే చుక్క లేనివాడు, దాని గురించి కొంచెం గర్వం కూడా ఉంది వాడికి.

మొదటి తప్పు అత్యాశ. ర్యామ్ 4 జీబీ ఉంది కదా అని జావాకి నాలుగూ రాసిచ్చేశాను. పావుగంటలో సర్వర్ చచ్చిపోయింది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి మెతుకు మిగల్చకపోతే అది అందరికంటే ఎక్కువ తింటున్నవాణ్ణే చంపేస్తుందట. రెండున్నరకి తగ్గించాక సర్దుకుంది.

రెండోది చూపు. ఈ లోకం సెకనుకి ఇరవైసార్లు కొట్టుకుంటుంది. ఒక్కో దాన్ని టిక్ అంటారు, అంటే యాభై మిల్లీసెకన్లలో ఆవులు కదలాలి, పైరు పెరగాలి, నీళ్ళు పారాలి, అన్నీ అయిపోవాలి. అవ్వకపోతే లాగ్‌లో, అంటే సర్వర్ రాసుకునే డైరీలో, "కాంట్ కీప్ అప్" (అందుకోలేకపోతున్నాను) అని ఒక లైను పడుతుంది. మొదటి వారం ఆ లైన్లే. బోర్డుకి నాలుగు కోర్లున్నా ఈ టిక్ పని దాదాపు అంతా ఒకే కోర్ నెత్తిన పడుతుంది. నలుగురు కూలీల్ని పిలిస్తే ఒకడు దుక్కి దున్నుతుంటే మిగతా ముగ్గురు గట్టు మీద బీడీ కాల్చుకోవడం లాంటిది. ఆ ఒక్కడి బరువు దించాలి. సెట్టింగుల్లో వ్యూ డిస్టెన్స్ పది ఉంటుంది. అంటే ఆటగాడి చుట్టూ నాలుగు పక్కలా పదేసి చంకులు. చంకంటే పదహారు బై పదహారు గళ్ళ నేల ముక్క. ఇరవై ఒకటి ఇంటూ ఇరవై ఒకటి, 441 ముక్కలు ఒక్కో పిల్లకీ. దాన్ని ఆరు చేస్తే పదమూడు పదమూళ్ళు 169. సగం కూడా లేదు. దూరంగా కొండలు మంచు పట్టినట్టు కనిపిస్తాయి, అంతే. "మామయ్యా, ఎప్పుడూ పొగమంచే" అని అక్క కొడుకు ఒకసారి సణిగాడు. సంక్రాంతి నెల అనుకోమన్నాను.

అన్నిటికంటే బరువు కొత్త నేల పుట్టించడం. ఎవడో గుర్రమెక్కి ఎవరూ చూడని దిక్కుకి పోతే సర్వర్ అప్పటికప్పుడు కొండలూ గుహలూ తయారుచేయాలి, ఈలోగా మిగతావాళ్ళు నిలబడ్డచోటే బిగుసుకుపోతారు. అందుకని లోకానికి మూడు వేల గళ్ళ సరిహద్దు గీసి, ఆ లోపలున్న ముప్పై అయిదు వేల పైచిలుకు ముక్కల్ని ఒక ప్లగిన్‌తో ముందే పుట్టించేశాను. రాత్రి పెట్టి పడుకున్నాను, తెల్లారేసరికి అయిపోయింది. ఈ ఒక్క పనితో వచ్చినంత తేడా ఇంక దేనితోనూ రాలేదు.

ఆ తర్వాత కోళ్ళు వచ్చాయి. తణుకు చుట్టుపక్కల కోళ్ళఫారాల సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా అమ్మాయి స్కూలు బస్సులోంచి రోజూ చూస్తుంది. అది కూడా గేమ్‌లో ఒకటి పెట్టింది. కోడి అయిదు నుంచి పది నిమిషాలకొక గుడ్డు పెడుతుంది, గుడ్డు విసిరితే ఎనిమిదింట ఒక వంతు పిల్ల వచ్చే అవకాశం. పెట్టిన గుడ్డల్లా విసిరింది. రెండొందల డెబ్భై కోళ్ళు ఒక దొడ్లో. ప్రతి టిక్‌కీ ఒక్కో కోడీ పక్క కోళ్ళకి తగులుతోందా లేదా అని సర్వర్ చూసుకోవాలి. ఏరుకోని గుడ్లు అయిదు నిమిషాలదాకా నేల మీదే ఉంటాయి, వాటి లెక్క వేరే. ఇరవై ఉండాల్సిన టిక్కులు పదకొండుకి పడిపోయాయి. అడిగితే "నాన్నా, నిజం ఫారంలో అయిదు వేలుంటాయి" అంది. నిజం ఫారం ఏటీఎం కార్డంత బోర్డు మీద నడవదమ్మా అని బతిమాలి, ముప్పైకి ఒప్పించాను.

ఇంటి లోపల ఆడుకోవడం వరకూ ఇంతే. బయటివాళ్ళని రానివ్వడానికి మాత్రం పది రోజులు పట్టింది. రౌటర్‌లో పోర్ట్ తెరవండి, జావాకి 25565, బెడ్‌రాక్‌కి 19132 అని చూసిన ప్రతి వీడియోలోనూ ఉంది. తెరిచాను. డాలస్‌కి కనిపించదు. చివరికి రౌటర్ పేజీలో చూస్తే నెట్ కంపెనీ నాకిచ్చిన అడ్రసు 100.డెబ్భై ఏదోతో మొదలవుతోంది, బయటి లోకానికి కనిపించేది ఇంకోటి. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులు ఇలా కంపెనీ లోపల పంచుకోవడానికే కేటాయించినవట. ఒకే మీటరు మీద పది వాటాలు నడుస్తున్నట్టు. కరెంటు అందరికీ వస్తుంది, బిల్లు మీద పేరు మాత్రం ఓనర్‌ది, మీ పేరడుక్కుంటూ వచ్చినవాడికి మీ గుమ్మం దొరకదు. మా నెట్ ఆఫీసుకి ఫోన్ చేస్తే "గేమ్ స్లోగా ఉందా సార్, రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నారు. మూడుసార్లు ఫోన్ చేశాను, మూడుసార్లూ ఆఫ్ చేసి ఆన్ చేశాను. సొంత అడ్రసు కావాలంటే ఏడాదికింత అదనం అన్నారు నాలుగోసారి.

టెయిల్‌స్కేల్ అని ఒకటుందని అన్నయ్య చెప్పాడు. బోర్డులోనూ, పిల్లల ట్యాబుల్లోనూ వేస్తే అన్నీ ఒకే ఇంట్లో ఉన్నట్టు ఒకదానికొకటి కనిపిస్తాయి. మా కొద్దిమందికి డబ్బు కట్టే పని లేదు. ఊళ్ళోవాళ్ళకి తలుపు తెరిచే పనీ లేదు, అది నాకు ఇంకా నచ్చింది. తమాషా ఏంటంటే అది ఇచ్చే అడ్రసులు కూడా ఆ 100.64 వరసలోవే. మొదటిసారి ఆ నంబరు చూసి, మళ్ళీ నెట్‌వాళ్ళే ఏదో చేశారని ఒక సాయంత్రమంతా వాళ్ళని తిట్టుకున్నాను. ఆ తిట్లు వెనక్కి తీసుకుంటున్నాను. మొదటి మూడు ఫోన్లవి మాత్రం కాదు.

డాలస్ నుంచి మాట వెళ్ళి రావడానికి 270 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. కత్తియుద్ధాలకి పనికిరాదు. ఇల్లు కట్టుకోవడానికి ఏం ఇబ్బంది లేదు.

ఇంక ఆ ఆదివారం. లోపలికెళ్ళి చూశాను. ఇల్లున్నచోట నిజంగానే అడవి. అదీ కత్తితో కోసినట్టు ఒక సరళరేఖ దగ్గర మొదలవుతోంది. పిల్లలు వేసిన రోడ్డు ఆ గీత దాకా వచ్చి ఆగిపోయింది. చెరువు సగం ఉంది. గీతకి ఇవతల గడ్డిమేటు క్షేమం.

లోకాన్ని సర్వర్ ముక్కలు ముక్కలుగా ఫైళ్ళలో దాస్తుంది. ఒక్కో ఫైల్‌లో 512 బై 512 గళ్ళ నేల. అందులో ఒక ఫైల్ పాడైతే, సర్వర్ ఏడవదు, గోల చేయదు, అక్కడ ఏమీ లేదనుకుని మళ్ళీ మొదటిరోజు ఉన్న అడవినే పుట్టించేస్తుంది. మా ఇల్లు ఆ ఫైల్‌లో ఉంది. శనివారం రాత్రి ఈదురుగాలి, కరెంటు ఆరుసార్లు పోయి వచ్చింది. లాగ్ చూస్తే సర్వర్ కూడా ఆరుసార్లు పుట్టింది. మెమరీ కార్డు మీద రాస్తూండగా ప్రాణం పోతే ఏమవుతుందో అదే అయింది. బ్యాకప్ ఉందా అంటే, లేదు. తీసుకుందామనే అనుకుంటున్నాను అప్పటికి.

ఇక్కడ సిగ్గుపడాల్సింది ఒకటుంది. ఇన్వర్టర్లు అమ్మేవాడింట్లో కరెంటు పోతే సర్వర్ ఎందుకు ఆగింది? మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. దాని వెనక చిన్న స్విచ్ ఉంటుంది, నార్మల్ అనీ యూపీఎస్ అనీ. మా వీధిలో సాయంత్రాలు లో వోల్టేజ్, యూపీఎస్‌లో పెడితే ఊరికే బ్యాటరీ మీదకి పోతోందని ఎండాకాలంలో నేనే నార్మల్‌లోకి మార్చాను. నార్మల్‌లో ఫ్యాన్లకీ లైట్లకీ ఏం కాదు, ఒక్క కన్నార్పు అంతే. ఆ కన్నార్పులో బోర్డు చచ్చి పుడుతోంది. యూపీఎస్‌లో అయితే కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి పది మిల్లీసెకన్ల చుట్టూ పడుతుంది, గేమ్ టిక్‌లో అయిదో వంతు. "కంప్యూటర్ ఉంటే యూపీఎస్ మోడ్‌లో పెట్టుకోండి సార్" అని కొనేవాళ్ళందరికీ నా నోటితో చెబుతాను. ఇంట్లో ఉన్నది కంప్యూటరే అని నాకే తట్టలేదు.

స్విచ్ మార్చాను. అయినా మనసు కుదుటపడలేదు. కరెంటు పోని రోజుల్లో కూడా రెండుసార్లు అదంతట అదే రీస్టార్ట్ అయినట్టు లాగ్‌లో ఉంది. బోర్డు ఒంట్లో ఎలా ఉందో అడిగే కమాండ్ ఒకటుంది, వీసీజెన్‌కమాండ్ గెట్ థ్రాటిల్డ్. జవాబు 0x50005. వెతికితే అర్థమైంది, కుడివైపు అయిదు అంటే ఇప్పుడు వోల్టేజ్ తక్కువగా ఉంది, అందుకని వేగం తగ్గించుకున్నాను అని. ఎడమవైపు అయిదు అంటే ఇంతకుముందు కూడా ఇలాగే అయింది అని. టీవీకి తగిలిస్తే మూలన పసుప్పచ్చ పిడుగు గుర్తు. నెలల తరబడి అది చెబుతూనే ఉంది, నేను టీవీకి తగిలిస్తే కదా.

మల్టీమీటర్ తెచ్చి పిన్నుల దగ్గర చూశాను. 4.58. ఈ బోర్డుకి 4.63 దిగితే గండం. చార్జర్ దగ్గర మాత్రం చక్కగా 5.1 ఉంది. మధ్యలో అర వోల్టు ఏమైంది?

ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. వారానికొక రైతు వస్తాడు, మోటారు ఎత్తుకోవట్లేదండీ, కొత్త మోటారు చూపించండని. మీటరు నుంచి బోరు ఎంత దూరం, ఏ వైరు వేశారు అంటాను. రెండొందల మీటర్లండీ, మామూలు ఒకటిన్నర ఎంఎం వైరే అంటాడు. వైరు మార్చండి, మోటారు వద్దు అంటాను. (నా వ్యాపారం ఇంతే ఉండిపోవడానికి ఇదొక కారణం.) నా బోర్డుకి వేసింది పాత ఫోన్ తాలూకు మీటరున్నర చార్జింగ్ తీగ. చీపురుపుల్లంత సన్నం. రానూపోనూ పావు ఓమ్ ఉన్నా, రెండు ఆంపియర్లు లాగితే అర వోల్టు దారిలోనే ఖర్చు. నలుగురు పిల్లలు ఒకేసారి వచ్చినప్పుడే లాగుడు ఎక్కువ, అప్పుడే కింద పడుతోంది. బోర్డు తయారుచేసినవాళ్ళదే 5.1 వోల్టుల చార్జర్, దానికే అతుక్కుని ఉండే లావు తీగది కొన్నాను. పిన్నుల దగ్గర 5.02. మళ్ళీ అదే కమాండ్ అడిగితే 0x0, అంటే ఏ గండమూ లేదని.

మెమరీ కార్డు తీసేసి యూఎస్‌బీకి చిన్న ఎస్ఎస్‌డీ పెట్టాను. షోకేస్ అద్దాలు మూసి ఉంచితే మే నెలలో బోర్డు ఎనభై రెండు డిగ్రీలు చూపించింది, ఎనభై దాటితే అదంతట అదే నెమ్మదిస్తుంది. అందుకని షోకేస్ నెత్తిమీదకి మార్చి, అయిదు వోల్టుల బుల్లి ఫ్యాన్‌ని 3.3 వోల్టుల పిన్నుకి కలిపాను, చప్పుడు లేకుండా తిరుగుతుంది. వెచ్చగా ఉంటుందని చలికాలంలో ఒక బల్లి దాని మీద కాపురం పెట్టింది. దానితో నాకు పేచీ లేదు, మా ఆవిడకుంది.

బ్యాకప్‌కి తెల్లవారుజామున నాలుగున్నర పెట్టాను, అందరూ పడుకుని ఉంటారని. రాయడం ఆపు, అంతా డిస్క్‌లోకి దించు, మొత్తం మూటకట్టి పెన్‌డ్రైవ్‌లో వెయ్యి, మళ్ళీ రాయడం మొదలుపెట్టు, ఏడు రోజుల కంటే పాతది తీసెయ్. మూడొందల ఎంబీ చిల్లర. వారం తర్వాత అన్నయ్య ఫోన్. "ఒరేయ్, రోజూ సాయంత్రం ఆరింటికి మావాళ్ళకి గేమ్ బిగుసుకుపోతోంది, ఏం చేస్తున్నావ్?" నా నాలుగున్నర వాళ్ళకి ముందురోజు సాయంత్రం ఆరు. స్కూలు అయిపోయి, హోంవర్క్ అయిపోయి, సరిగ్గా కూర్చునే వేళ. మధ్యాహ్నం రెండుకి మార్చాను. అప్పుడు వాళ్ళకి అర్ధరాత్రి దాటి మూడున్నర, మావాళ్ళు స్కూల్లో ఉంటారు. ఆదివారం మధ్యాహ్నం రెండు గురించి మా అమ్మాయి ఏమంటుందో రాయను.

ఇల్లు మళ్ళీ కట్టారు. ఈసారి అన్నయ్య కూడా దిగాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, పొద్దున్నే కాఫీ తాగుతూ, "నుయ్యి అటు కాదు, వంటింటి గుమ్మంలోంచి చూస్తే గిలక కనపడాలి" అంటూ తవ్వించాడు. పెంకులకి ఎర్ర ఇటుక మెట్లు వాలుగా పేర్చారు. వీధిగుమ్మం మాత్రం ఒప్పుకోలేదు. నాన్నగారింట్లో ఆ గుమ్మంలోంచి వచ్చేటప్పుడు పెద్దవాళ్ళెవరైనా తల వంచాల్సిందే. గేమ్‌లో మనిషి ఎత్తు 1.8 గళ్ళు, తలుపు రెండు గళ్ళు, తగలదు. మా అమ్మాయి పైన సగం ఇటుక పెట్టింది. ఇప్పుడు గుమ్మం గడిన్నర. వంగే బటన్ నొక్కితే తప్ప లోపలికి రానివ్వదు. అన్నయ్య మొదటిరోజు మూడుసార్లు కొట్టుకున్నాడు.

మొన్న గేమ్‌లో వాన పడింది. నాలుగు వసారాల మధ్య, సరిగ్గా మండువాలో పడుతోంది. నలుగురు పిల్లలూ చూరు కింద నిలబడ్డారు. "తూము ఏదిరా?" అన్నాడు అన్నయ్య. వాన నీళ్ళు ఈ గేమ్‌లో నిలవవు పెదనాన్నా, తూము అక్కర్లేదు అంది మా అమ్మాయి. అయినా ఆయన పార తీసి మండువా మూల నుంచి గోడ కిందగా తవ్వడం మొదలుపెట్టాడు. అయితే అది ఏ పక్కకి వెళ్ళాలన్నది తేలలేదు. అక్క తూర్పు పక్క సందులోకి అంటుంది, అన్నయ్య ఉత్తరాన పెరట్లోకి అంటాడు, నాకు గుర్తే లేదు. అమ్మ పూజ అయ్యాక అడగాలి.